బంగాళాదుంప ఎందుకు నల్లబడింది

“ఇవేంటి, చచ్చిన ఎలుకల్లా ఉన్నాయి?” అన్నాడు భర్త, గిన్నెలోకి తొంగిచూసి. అని ఊరుకోకుండా ముక్కు కూడా మూసుకున్నాడు. వాసనేమీ లేదు. ఆమె పనిగట్టుకుని వంగి మరీ చూసింది.

నిన్న చక్కగా తరిగి, సంచిలో కట్టి, డీప్ ఫ్రిజ్‌లో పెట్టిన పచ్చి బంగాళాదుంప ముక్కలవి. పెట్టినప్పుడు తెల్లగా ఉన్నాయి. బయటపెట్టి కరగనిచ్చేసరికి బూడిదరంగు తిరిగి, అక్కడక్కడ నల్లబడి, నీళ్ళోడుతూ కూర్చున్నాయి. మామూలుగా అయితే ఆమెకి ఏడుపొచ్చేది. ఈసారి రాలేదు. ఎందుకిలా అయ్యాయి అన్న కుతూహలం ఏడుపుకి అడ్డొచ్చింది.

ఈ దుంపలతో ఆమె ఇంత తంటాలు పడడానికి కారణం ఉంది. ఆమె వినికిడి మిషన్లు అమ్మే దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ చెవిలో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీయడం ఆమె పని. వినికిడి పరీక్షలు చేసేది వేరేవాళ్ళు. ఆ పరీక్షలు జరిగే గాజు గది బయట నిలబడి, లోపల మీటలు తిప్పే చేతుల్ని ఎన్నేళ్ళుగానో చూస్తోంది. మొన్న యజమానురాలు పిలిచి, వేరే ఊళ్ళో రెండు వారాల శిక్షణ ఉంది, గది కూడా వాళ్ళే ఇస్తారు, వెళ్ళి పరీక్షలు నేర్చుకుని వస్తావా అని అడిగింది. ఆమె మనసు అప్పుడే గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి కూర్చుంది. ఇంటికొచ్చి చెబితే భర్త కోప్పడలేదు. కోప్పడితే ఎదురు పోట్లాడేది. పాపం, అతనికి నిజంగానే అర్థం కాలేదు. “మరి వంటో?” అన్నాడు.

ఆ ఇంట్లో తల్లీకొడుకులిద్దరికీ ఒకటే నాలుక. బంగాళాదుంప లేకపోతే ముద్ద దిగదు. రెండు వారాలకి సరిపడా ముక్కలు తరిగి గడ్డకట్టిస్తే తనకి దారి దొరుకుతుందనుకుంది. తీరా చూస్తే మొదటి సంచే ఇలా తగలడింది.

“పారెయ్. నీకెందుకొచ్చిన ప్రయోగాలు?” అని భర్త ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

ఆమె పారేయలేదు. ఒక ముక్క తీసి వేళ్ళతో నొక్కింది. బొటబొటా నీళ్ళు కారాయి. ఇంకోటి నొక్కింది. మోకాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చిన అత్తగారు కాసేపు చూసి, “అలా కాదమ్మాయ్, గుడ్డలో వేసి పిండు” అంది. పిండితే చెంబుడు నీళ్ళు దిగి, పొడిపొడిగా మిగిలింది. దాన్ని ఉప్పూ కారం కలిపి, బిళ్ళలు తట్టి, పెనం మీద కాల్చారు. రంగు చూస్తే తినబుద్ధి కాదు గానీ, పైన కరకర, లోపల మెత్తన. అత్తగారు రెండు తిని, రుచి సరిగా తెలియలేదంటూ మూడోది తీసుకుంది.

“ఎందుకలా నల్లబడిందంటావ్?” అంది నములుతూ.

ఎందుకు చేయలేదు, ఎప్పుడు చేస్తావు అని అత్తగారు చాలాసార్లు అడిగింది. ఏమంటావ్ అని అడగడం మాత్రం ఇదే మొదలు. ఆమెకి తెలియకుండానే నవ్వొచ్చింది.

ఇక ఇద్దరూ కొంగులు బిగించారు. కొన్ని ముక్కలు పచ్చివే పెట్టారు. కొన్నిటిని మరిగే నీళ్ళలో కాసేపు ముంచి, చన్నీళ్ళలో వేసి, తడి తుడిచి పెట్టారు. మర్నాడు తీసి చూస్తే పచ్చివి మళ్ళీ నల్లబడుతున్నాయి, మరిగే నీళ్ళలో ముంచినవి తెల్లగానే ఉన్నాయి. “దుంపని నల్లబరిచేదేదో దాంట్లోనే ఉంది. చలికి అది చావలేదు, వేడికి చచ్చింది” అని ఆమె తేల్చింది. కాకపోతే అవి కూడా పూర్తిగా కరగనిస్తే మెత్తబడిపోయాయి. గడ్డగా ఉండగానే కాగే నూనెలో వేస్తే, చిటపటలాడి స్టవ్వంతా చిందించినా, బంగారంలా వేగాయి. సంచిలో కుక్కితే ఇటుకలా అతుక్కుంటున్నాయని, ముందు పళ్ళెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టించే ఉపాయం అత్తగారిది.

సాయంత్రం భర్త పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి నాక్కున్నాడు. “ఇంకేం, ఇలాగే ఫ్రిజ్ నిండా పెట్టేసి వెళ్ళిరా. మాకేం ఇబ్బంది లేదు” అన్నాడు ఉదారంగా.

మర్నాడు సెలవు. ఆమె దుంపలన్నీ ముందేసుకుని, హుషారుగా తొక్క తీస్తూ అడిగింది. “మీరెప్పుడైనా ఇలా ఒక్కరే ఎక్కడికైనా వెళ్ళారా అత్తయ్యా?”

“నేనెక్కడికెళ్తానే?” అంది అత్తగారు మామూలుగా. “అప్పట్లో మనకి ఫ్రిజ్ లేదుగా.”

ఆమె చేతిలో పీలర్ ఆగిపోయింది. అంటే నిన్న అనుమతి దొరికింది తనకి కాదు, ఆ మూల బుయ్యిమంటున్న పెట్టెకి. రెండు వారాల చాకిరీ ముందే చేసి, గడ్డకట్టించి, అరల్లో పేర్చి వెళ్తే అది వెళ్ళడమెలా అవుతుంది? తను లేని లోటు కూడా తనే తీర్చి వెళ్ళాలా? ఆమెకి ఒళ్ళు మండింది. దారి దొరికిందని పొంగిపోయినందుకు తన మీద తనకే ఎక్కువ మండింది.

“ఏమండీ, ఒకసారి ఇలా రండి” అని కేకేసింది.

భర్త టీవీ రిమోట్ పట్టుకునే వచ్చాడు.

“నేను వచ్చే ఆదివారం వెళ్తున్నాను. ఫ్రిజ్‌లో ఏమీ పెట్టడం లేదు. కూర్చోండి, తరగడం దగ్గర్నుంచి అన్నీ చూపిస్తాను.”

అతను దుంపల వంక, ఆమె వంక చూశాడు. తర్వాత ధైర్యం తెచ్చుకుని నవ్వాడు. “నేనెందుకు? అమ్మ ఉందిగా.”

అత్తగారు తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. కొడుకు వైపు చూడలేదు.

“అమ్మాయ్, వాళ్ళిచ్చే గదిలో ఇంకో మంచం పడుతుందా?” అంది.