అడగకముందే తాగిన కాఫీ

నేను లీగుల్లో నూట పద్దెనిమిది గోల్స్ కొట్టాను. జాతీయ జట్టుకి ఇంకో పంతొమ్మిది. బాగ్దాద్‌లో ఆరేళ్ళు, ఎర్బిల్‌లో రెండేళ్ళు, దోహాలో మూడు సీజన్లు ఆడి, ముప్ఫై ఐదేళ్ళ వయసులో మళ్ళీ అమారాకే వచ్చి సొంత ఊరి జట్టుకి ఆడుతున్నాను. ఇంత చేసినా మా బజార్లో టీకొట్టు ముందు నుంచి నడిస్తే ఒక్కడూ గోల్స్ గురించి అడగడు. "ఘజ్వాన్, కాఫీ తాగుతావా?" అని అడిగి పక్కవాణ్ణి మోచేత్తో పొడుస్తాడు. పన్నెండేళ్ళుగా ఇదే జోకు. మా ఊరివాళ్ళకి ఒక జోకు దొరికిందంటే అది వాళ్ళ మనవల దాకా అరిగిపోదు.

కాబట్టి అసలు సంగతి నేనే చెప్పేస్తాను. వాళ్ళు చెబుతుంటే ఏటేటా కప్పు పెద్దదైపోతోంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఆ సీజన్లో అప్పటికే పద్నాలుగు గోల్స్ కొట్టాను. జాతీయ జట్టు కోచ్‌కి సహాయకుడు అబూ నవార్ అనే ఆయన రెండు వారాల్లో, శుక్రవారం నాటి ఆటకి అమారా వస్తున్నాడని కబురొచ్చింది. నన్ను చూడ్డానికే. మిగతా పదిమందినీ కూడా చూస్తే నేనేమీ కాదనను. దక్షిణాది కుర్రాళ్ళని చూడ్డానికి బాగ్దాద్ నుంచి మనిషి రావడమంటే అయిదారేళ్ళకోసారి జరిగే మాట. ఆ శుక్రవారం నేను మైదానంలో ఉండి తీరాలి.

దానికి ముందు పక్క ఊరి జట్టుతో ఒక ఆట ఉంది. వాళ్ళ గోల్‌కీపర్ ముతషర్, చిత్తడి నేలల్లో గేదెల్ని కాసే షనావా వంశం వాడు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉంటాడు. ఎనభయ్యో నిమిషంలో బంతి గాల్లోంచి దిగుతుంటే వాడు చేత్తో వచ్చాడు, నేను కాలితో వెళ్ళాను. నేను ముందు అందుకున్నాను. బంతి వలలో పడింది. వాడి కుడి మణికట్టు నా మోకాలి కింద పడి విరిగింది. ఆ చప్పుడు నాకు వినబడింది. రెఫరీ గోల్ ఇచ్చాడు. నా తప్పు లేదని ఆ రోజూ అన్నాను, ఇవాళా అంటాను.

అయితే మా దగ్గర రెఫరీ ఈల సున్నం గీత దాకానే చెల్లుతుంది. గీత దాటితే వంశాలు. మర్నాడు సాయంత్రం షనావా వాళ్ళ మనిషి మా గుమ్మం బయటే నిలబడి, టీ కూడా ముట్టకుండా, ఎముకకి లెక్క చెప్పాలని అనేసి వెళ్ళిపోయాడు. వాళ్ళేం అడుగుతారో అందరికీ తెలుసు. జల్వా. దెబ్బ కొట్టినవాడు ఏడాదిపాటు ఆ ప్రాంతంలో కాలు పెట్టకూడదు. మా స్టేడియం ఆ ప్రాంతం నడిబొడ్డునే ఉంది. జల్వా పడితే శుక్రవారం లేదు, అబూ నవార్ లేడు.

జల్వా వద్దని వేడుకోవడానికి మా పెదనాన్న చాసిబ్ తనతో కలిపి పదకొండు మంది పెద్దల్ని పోగు చేశాడు. సరిగ్గా ఒక జట్టు. దెబ్బ కొట్టినవాడు ఇంట్లోనే ఉండటం ఆచారం. నేను ఒప్పుకోలేదు. నా గురించి మాట్లాడే చోట నేను లేకపోతే ఎలాగని వాదించాను. ఆ వయసులో నేను ఉంటే చాలు ఏ పనైనా అయిపోతుందని నా నమ్మకం. ఇప్పుడూ ఆ నమ్మకం పెద్దగా తగ్గలేదు.

"మనం పెనాల్టీ కొట్టడానికి వెళ్ళట్లేదురా," అన్నాడు పెదనాన్న. "నోరు మూసుకుని చివర్లో కూర్చునేట్టయితే రా."

నోరు తెరవనని మాటిచ్చాను. మాట్లాడ్డానికైతే తెరవలేదు.

పొద్దున మూడు గంటలు ప్రాక్టీసు చేసి, నీళ్ళు కూడా సరిగ్గా తాగకుండా కారెక్కాను. జూన్ నెల. కారులో ఏసీ చెడిపోయింది. నలుగురం కూర్చోవాల్సిన కారులో ఆరుగురం. షనావా వాళ్ళ ముదీఫ్, అంటే రెల్లుతో కట్టిన వాళ్ళ అతిథిశాల, చేరేసరికి నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. లోపల చాపల మీద రెండు వరసలుగా కూర్చున్నాం. ఎదురుగా వాళ్ళ పెద్ద హాజీ ఫర్హూద్, ఎనభై ఏళ్ళవాడు. ఆయన పక్కన మనవడు ముతషర్, చేతికి పిండికట్టుతో. కాఫీ ఎప్పుడూ కుడిచేత్తోనే అందుకోవాలి కాబట్టి వాడి ముందు కప్పు పెట్టలేదు.

పని మీద వెళ్ళినవాళ్ళు ఇచ్చిన కాఫీని నేలమీద పెట్టి ఊరుకోవాలి. ఇంటిపెద్ద ఏం కావాలని అడుగుతాడు. మనం చెబుతాం. 'వచ్చిన పని అయినట్టే, తాగండి' అని ఆయన అన్నాకే ముట్టాలి. ఇది మా దగ్గర పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. నా చేతికే తెలీదు. ఎనిమిదేళ్ళుగా సున్నం గీత పక్కన నిలబడి ఎవడేం అందిస్తే అది ఒక్క గుక్కలో తాగేసి తిరిగివ్వడం దానికి అలవాటు.

పెదనాన్న కప్పు నేలమీద పెట్టాడు. పదకొండు మందీ పెట్టారు. చివర్లో నాకిచ్చారు. గుటుక్కున తాగేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. కప్పుని అటూ ఇటూ ఊపి తిరిగిచ్చాను కూడా. అలా ఊపితే 'చాలు, తృప్తయింది, ఇంకేమీ వద్దు' అని అర్థం.

పెదనాన్న మెడ తిప్పి నన్ను చూసిన చూపు నేను ఏ డిఫెండర్ కళ్ళలోనూ చూడలేదు.

"చాసిబ్," అన్నాడు హాజీ ఫర్హూద్ నెమ్మదిగా. "మీవాడు తాగాడు. చాలని ఊపాడు కూడా. అంటే మీరు అడిగేదేం లేదన్నమాట. ఇక చెప్పాల్సింది నేనే."

ముతషర్ తల వంచుకున్నాడు. బాధపడుతున్నాడనుకున్నాను. భుజాలు అదురుతుంటే అప్పుడర్థమైంది, నవ్వు ఆపుకోలేక చస్తున్నాడని.

హాజీ తీర్పు చెప్పాడు. డబ్బు వద్దు, జల్వా కూడా వద్దు. మనవడి కట్టు విప్పేదాకా, ఆరు వారాలు, రోజూ సాయంత్రం అసర్ నమాజు తర్వాత వాళ్ళ ఊరి కుర్రాళ్ళు ఆడేచోట ముతషర్ బదులు నేను గోల్లో నిలబడాలి. ఒక్కరోజు తప్పినా జల్వానే. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు.

"కట్టు విప్పాక వీడు మళ్ళీ బంతి ముట్టడు. మా గేదెలకి రెండు చేతులున్న మనిషి కావాలి."

ముతషర్ నవ్వు ఆగిపోయింది.

ఆరు వారాల్లో ఆ శుక్రవారం కూడా ఉంది, ఆట కూడా సరిగ్గా అదే వేళకి. నోరు తెరిచి మినహాయింపు అడుగుదామంటే ఏ ముఖం పెట్టుకుని అడగాలి? అడిగే హక్కుని నేనే గుటకేశాను. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం," అని పెదనాన్న తిరుగుదారి పొడుగునా కారు కిటికీతో చెప్పుకున్నాడు.

మొదటిరోజు పదకొండు గోల్స్ వదిలాను. ఎండిపోయిన చిత్తడి నేల అది. ఖర్జూరపు మొద్దులే గోలు స్తంభాలు. గేదెల్ని తోలుకొస్తున్న ఆడవాళ్ళు కూడా ఆగి నవ్విపోయారు. ముతషర్ వెనకాల బోర్లించిన పడవ మీద కూర్చుని అరుస్తూ ఉండేవాడు. కాలు చూడొద్దు, తుంటి చూడు, తుంటి అబద్ధం చెప్పదు అని. మూడోరోజుకి నాకు కొంచెం పట్టుబడింది. నాలుగోరోజు వాడు నా రహస్యమొకటి నాకే చెప్పాడు.

"నువ్వు ఎడమ పక్కకి కొట్టేముందు నోరు తెరుస్తావు. బస్రా నుంచి కూత్ దాకా గోల్‌కీపర్లందరికీ తెలుసది."

నాకు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి అద్దం ముందు బంతి తన్ని చూసుకున్నాను. నిజమే. ఆ నోటితో నాకెప్పుడూ తంటానే.

శుక్రవారం వచ్చింది. క్లబ్బు మేనేజరు బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. హాజీ కాళ్ళు పట్టుకుంటానని పెదనాన్న అన్నాడు. వద్దన్నాను. ఒకసారి హాజీ ముందు పెదనాన్న తల దించాను, రెండోసారి ఆ పని చేయలేను. గోల్స్ ఎక్కడైనా కొట్టుకోవచ్చు, మాట పోతే అమారాలో తిరగలేను. ఇంత ధీమాగా చెబుతున్నాను గానీ, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, దారిలో కారు ఆపి ఏడ్చాను. స్టేడియం దీపాల స్తంభాలు వెనక అద్దంలో కనబడుతూనే ఉన్నాయి.

ఆ రోజు పడవ మీద ముతషర్ లేడు. మధ్యాహ్నం నుంచీ ఎవరికీ కనబడలేదట. నేను నాలుగో గోల్ వదిలి, బంతి తెచ్చుకోవడానికి రెల్లుపొదల్లోకి వెళ్తుంటే దుమ్ము రేపుకుంటూ ఒక పికప్ వచ్చి ఆగింది. ముతషర్ దిగాడు. వాడి వెనక, తళతళలాడే బూట్లని దుమ్ములో జాగ్రత్తగా పెడుతూ, ఒక పెద్దమనిషి దిగాడు.

ముతషర్ ఒంటరిగా స్టేడియానికి వెళ్ళి, సగం ఆట అయ్యాక అబూ నవార్ దగ్గర కూర్చుని, 'తమరు వెతుకుతున్నవాడు నా గోల్లో నిలబడి ఉన్నాడు, వాడి వల్లే ఈ కట్టు' అని చెప్పాడట. అబూ నవార్ నమ్మలేక, చూసి నవ్వుకుందామనే వచ్చానని తర్వాత నాతో చెప్పాడు. ఆ రోజు మాత్రం గడియారం చూసుకుని, పది నిమిషాలుంటాను, బాగ్దాద్ చేరాలి అన్నాడు.

ముతషర్ నన్ను గోల్లోంచి పక్కకి తోసి, కట్టుతోనే తను నిలబడ్డాడు. నా కోసం ఎందుకిదంతా అని అడిగాను.

"నీ కోసమని ఎవడన్నాడు?" అన్నాడు. "రేపు నువ్వేమీ కాకపోతే, ముతషర్ చెయ్యి ఎవడో అనామకుడు విరగ్గొట్టాడంటారు. నా పరువు నీ కాలిలో ఉంది. కొట్టు."

అప్పుడు మళ్ళీ నేను నేనయ్యాను. అబూ నవార్ వైపు తిరిగి, అందరికీ వినబడేట్టు, పది బంతులు కొడతాను, పదీ వాడి కట్టులేని చేతివైపేనని చెప్పాను. ఎటు కొడతానో గోల్‌కీపర్‌కి ముందే చెప్పి కొట్టేవాడు పిచ్చివాడైనా అయుండాలి, నేనైనా అయుండాలి.

నోరు గట్టిగా మూసుకుని కొట్టాను. ఒంటి ఎడమచేత్తో వాడు నాలుగు ఆపాడు. ఒకదాన్నయితే వేలి కొసతో స్తంభం పక్కకి నెట్టాడు. అది ఎవరు కొట్టినా గోలే, ఎవరు ఆపినా అద్భుతమే. ఆరు వలలో పడ్డాయి. వల అంటే చేపల వలే, అయినా వలే కదా. దోహాలో ముప్ఫైవేల మంది ముందు కొట్టిన గోల్స్ కంటే ఆ ఆరూ నాకు ఎక్కువ.

అబూ నవార్ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ముతషర్ పేరడిగాడు. "నాకు గేదెలున్నాయండీ," అన్నాడు ముతషర్. పేరు నేను చెప్పాను. ముదీఫ్ గుమ్మంలో హాజీ ఫర్హూద్ కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో తెలీదు.

ఆ శుక్రవారం నుంచి పదకొండో రోజున జాతీయ జట్టు జాబితా వచ్చింది. ఫార్వర్డ్‌లలో చివరి పేరు నాది. గాల్లోకి తుపాకులు పేల్చొద్దని మా వీధివాళ్ళని బతిమాలాల్సొచ్చింది. ఆ సాయంత్రం కూడా వెళ్ళి గోల్లో నిలబడ్డాను. క్యాంపు మొదలవడానికి ఇంకా టైముంది. కట్టు విప్పేదాకా ఒక్కరోజూ మానలేదు.

విప్పినరోజు హాజీ మా పన్నెండు మందినీ భోజనానికి పిలిచాడు. నిప్పుల సెగన కాల్చిన చేప, అన్నం, ఆ తర్వాత గేదె మీగడలో ఖర్జూరపు పాకం. లెక్కలన్నీ తీరిపోయాయి. అడగాల్సిందేమీ లేదు. కాఫీ వచ్చినప్పుడు ముదీఫ్ మొత్తం నావైపే చూసింది. పోసేవాడి ముఖంలో నవ్వు ఆగడం లేదు.

కప్పు అందుకున్నాను. నేలమీద పెట్టాను.

"ఒరేయ్, ఈసారి తాగాల్రా," అని పెదనాన్న నా మోకాలు గిల్లాడు. "అంతా అయిపోయిందిగా."

హాజీ నవ్వడం మానేశాడు. నేలమీద కప్పుందంటే ఆయన అడిగి తీరాలి. "ఏం కావాలి?" అన్నాడు.

"ముతషర్ కావాలి హాజీ. గోల్లో."

ముతషర్ తెల్లగా పాలిపోయిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ దాన్నే చూసుకుంటున్నాడు. మరి గేదెలెవరు కాస్తారని హాజీ అడిగాడు. ఆరు వారాలు వాడి బదులు నేను నిలబడ్డాను, గేదెల దగ్గర వాడి బదులు నిలబడేవాడు ఇంతమందిలో ఒక్కడు లేడా అన్నాను. ఎదురు వరసలో కూర్చున్న కుర్రాళ్ళు చాప వైపు చూశారు. కాసేపటికి ఒకడు చెయ్యెత్తాడు, తర్వాత ఇంకొకడు. రోజూ నాకు గోల్స్ కొట్టినవాళ్ళే.

హాజీ వాళ్ళని చూశాడు. మనవడి చేతిని చూశాడు. నా ముందున్న కప్పుని చాలాసేపు చూశాడు.

"చల్లారిపోతోంది," అన్నాడు. "తాగు."

తాగాను. కప్పు ఊపలేదు, ఇంకోసారి పోయించుకున్నాను. తర్వాత పోసేవాడు ఆరు వారాల్లో మొదటిసారి ముతషర్ ముందు ఆగాడు. వాడు కుడిచెయ్యి చాచి కప్పు అందుకున్నాడు.