కొంగు లేని బట్ట

వియత్నాం వాళ్ళ బట్ట ఒంటి మీదికెక్కినప్పటి నుంచి హేమలత చెయ్యి నడుము దగ్గర కొంగు కోసం తడుముకుంటోంది. కొంగు లేదు. జేబూ లేదు. మెడను పట్టుకున్నట్టు నిలబడే పట్టీ, చంక కింద దాకా వరసగా గుండీలు, నడుము దగ్గర రెండుగా చీలి కాళ్ళ దాకా వేలాడే పసుపుపచ్చ పట్టు, లోపల తెల్లటి పైజామా. దాన్ని ఆవో దాయ్ అంటారట. హోయి ఆన్ అనే ఆ పాత ఊళ్ళో కిరాయి బట్టల దుకాణం నడిపే ఆవిడ తనే గుండీలు పెట్టి, అద్దం ముందు నిలబెట్టి, బాగుందని బొటనవేలు ఎత్తి చూపించింది.

బాగానే ఉంది. బట్ట మీద హేమలతకు కోపమేం లేదు. మనసే ఇక్కడ లేదు. ఆమె ఫోను హోటల్లో వైఫై ఉన్నచోటే పలుకుతుంది. ఈ దేశం సిమ్ము మొగుడు జగదీష్ ఫోనులోనే ఉంది.

జగదీష్‌కు జూలూరుపాడులో విత్తనాల దుకాణం. మిర్చి విత్తనం బాగా అమ్మిన డీలర్లను కంపెనీ భార్యలతో సహా తిప్పుతోంది. పిల్లల్ని మాత్రం తేవద్దంది. ఏడాది నిండిన కొడుకును ఏన్కూరు పక్క తండాలో అత్త బాలి చేతిలో పెట్టి విమానమెక్కింది హేమలత. బయలుదేరేటప్పుడే వాడి ఒళ్ళు వెచ్చగా ఉంది. పోనని మొండికేస్తే, "పండ్లొస్తున్నయ్, గంతే" అని జగదీష్ కొట్టిపారేశాడు.

"ఇంటికి ఫోను జేసినవా?" అడిగింది ఇప్పుడు.

"జేసిన. పండుకున్నడంట."

"ఎప్పుడు జేసినవ్?"

"పొద్దుగాల. ఏం బుగులే నీకు! జర నవ్వు, కంపెనీ మేనేజర్ సారొస్తుండు."

అతను కూడా నీలం రంగు పొడుగు అంగీ తొడుక్కుని, తల మీద చుట్టపాగా పెట్టుకుని, అద్దంలో అటొకసారి ఇటొకసారి తిరిగి చూసుకున్నాడు. సత్తుపల్లి డీలరు భార్య పుష్పలత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం హేమా, మీ ఆయన పెళ్ళిలో అయినా ఇట్టా తయారయ్యాడా?"

"పెండ్లిల ప్యాంటు జారుతుంటే పట్టుకునుడే సరిపాయె అక్కా" అంది హేమలత. పుష్పలత పగలబడి నవ్వింది. హేమలతకు మాత్రం నవ్వు రాలేదు.

లాంతర్లు వేలాడే పచ్చగోడ ముందు ఫోటో కోసం అందరినీ నిలబెడుతున్నారు. జగదీష్ చేతిలో ఫోను మోగింది. చూసి నొక్కేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కేశాడు.

"ఎవరు?"

"కస్టమర్."

ఇంకోసారి మోగినప్పుడు హేమలత అతని భుజం మీదుగా తొంగిచూసింది. తెర మీద బాలి బొమ్మ.

"యాడి చేస్తుంటే కట్ చేస్తున్నవా?"

యాడి అంటే లంబాడీల మాటలో అమ్మ.

"మెల్లగ మాట్లాడు. సారు పక్కనే ఉన్నడు. అది వీడియో కాలు. యాడి ఆ కాంచళి మీద ఉంటది, అందరు చూస్తరు. తర్వాత చేద్దాం తియ్."

హేమలతకు మిర్చి కోతలప్పటి సంగతి కళ్ళ ముందుకొచ్చింది. కంపెనీ మనిషి ఎవరో దుకాణానికి వచ్చాడు. అద్దాలు కుట్టిన కాంచళి రవిక, పేటియా లంగా, మోచేతి దాకా గాజులు వేసుకున్న బాలి కొడుక్కి అన్నం తెచ్చి గడప దగ్గర కూర్చుని ఉంది. ఎవరామె అని అతనడిగాడు. "కూలికొచ్చింది సార్" అన్నాడు జగదీష్. లోపల బస్తాల వెనక ఉన్న హేమలత విన్నది. బాలి కూడా విన్నది. ఆ మాత్రం తెలుగు ఆమెకు వచ్చు. ఖాళీ టిఫిను పట్టుకుని బస్సెక్కి పోయింది. ఆరోజు హేమలత నోరు మూసుకుంది, దుకాణం పరువని. ఇవాళ మూసుకోదలచుకోలేదు.

మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుని తనే చేసింది. అటువైపు బాలి. వెనక ఆకుపచ్చ తెర, మంచాలు, గుంపుగా జనం. ఇల్లు కాదది. దవాఖానా. పిల్లాడు ఆమె భుజం మీద వాలిపోయి ఉన్నాడు.

"ఎన్నిసార్లు జెయ్యాలె బిడ్డా!" బాలి లంబాడీ భాషలోనే అరిచింది. "పోరడు కాలిపోతుండు. ఏ మందు పడదో చెప్పుమంటుండ్రు. మొన్నొకపారి ఏదో పోస్తే ఒళ్ళంత దద్దుర్లొచ్చె గద, దాని పేరు నాకు రాకపాయె. నువ్వు చెప్పేదాక ముట్టనియ్యనని కూసున్న. నర్సమ్మ తిడుతున్నది. తిట్టనీ."

"సల్ఫా! సల్ఫా పడదు యాడీ. ఫోను నర్సమ్మకియ్యి."

నర్సుకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. సరేనమ్మా, వేరే మందు ఇస్తామని ఆమె అన్నాకే ఊరుకుంది. ఫోను మళ్ళీ బాలి చేతికొచ్చింది. పిల్లాడు తల ఎత్తి, మెడదాకా గుండీలున్న ఆ ఆడమనిషిని చూశాడు. గుర్తుపట్టలేదు. నాయనమ్మ కాంచళి అద్దాల్లో ముఖం దాచుకున్నాడు.

"నేనేరా..." అంది హేమలత. వేలితో మెడ పట్టీని కిందికి లాగింది.

"రండమ్మా, వెలుగు పోతుంది" పిలిచాడు మేనేజరు.

"అయిపోయింది గద, కట్ చెయ్" జగదీష్ పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "ఇజ్జత్ తియ్యకు."

"ఇజ్జతా?" హేమలత గొంతు ఆ పచ్చగోడకు తగిలి మోగింది. "వేరేటోళ్ళ తాతముత్తాతల బట్ట కిరాయికి తెచ్చి తొడుక్కుంటే నీకు ఇజ్జత్. నిన్ను కన్న మనిషి తన బట్ట తాను కట్టుకుంటే నామోషి. పోరనికి ఏమన్నయితే ఆ పాగా కింద మొఖం దాచుకుంటుంటివా?"

పుష్పలత చేతిలోని గొడుగుటోపీ కిందపడినా వంగి తీసుకోలేదు. ఫోనులోంచి బాలి అంతా విన్నది.

"ఒర్రకు బిడ్డా" అంది మెల్లగా. కళ్ళు చిట్లించి కొడుకును చూసింది. "వాడు తొడిగిందేంది? మంచిగున్నది. చేత్తోని కుట్టిండ్రా?"

జగదీష్ తల దించుకున్నాడు.

మేనేజరు దగ్గరికి వచ్చి ఫోనులోకి చూశాడు. "ఎవరమ్మా ఆవిడ?"

అదే ప్రశ్న. హేమలత తెరను మొగుడి ముఖానికి ఎదురుగా పట్టింది.

"ఆయననే అడుగుండ్రి సార్."

జగదీష్ చుట్టూ చూశాడు. "మా... మా యాడి సార్. మా అమ్మ."

"గట్టిగ చెప్పు" అంది హేమలత. "దవాఖానల లొల్లిగున్నది. ఆమెకు వినబడాలె."

అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి పక్క దుకాణం ఆవిడ కూడా తల తిప్పి చూసింది.

హేమలత మెడ దగ్గరి గుండీ విప్పేసుకుని వరసలో నిలబడింది. నవ్వమన్నారు. నవ్వలేదు. దాచుకునే కొంగు లేదు కాబట్టి ఫోనును గుప్పిట్లోనే పట్టుకుంది. జ్వరం దిగిందని బాలి నోటి మీదుగా వినేదాకా అది మొగుడి చేతికి పోలేదు.