మాడిన బిరడా

గంధకం హద్దు దాటింది. లెక్క మళ్ళీ వేశాను. అదే అంకె.

మా ఫ్యాక్టరీ బ్రేకు గొట్టాలు పెళుసుబారి పగులుతున్నాయని గొడవ. రబ్బరులో గంధకం ఎక్కువైతే అలాగే పగులుతాయి. గంధకం తూచి కలిపేది మా అల్లుడు. పరీక్షించేది నేను. తప్పు తూకానిదని తేలితే సాయంత్రానికి అతని ఉద్యోగం ఉండదు. మా అమ్మాయికి నెలలు నిండాయి.

అతనితో నాకు మాటల్లేవు. నా భార్య కొన ఊపిరితో ఉందని కబురు పెడితే, షిఫ్టు ముగించుకుని తీరిగ్గా ఆస్పత్రికి వచ్చాడు. అప్పటికి ఆమె లేదు.

ఇప్పుడు నా గుమ్మం బయట నిలబడ్డాడు.

"మావయ్యా, ఏమొచ్చింది?"

"వెళ్ళి పని చూసుకో."

"చేతులాడట్లేదు. సరిగ్గానే తూచాను మావయ్యా, ఒట్టు."

"ఒట్లు సీసాలో వేసి కాల్చలేను."

రబ్బరు ముక్కను కాగితంలో చుట్టి, ఆక్సిజన్ నింపిన సీసాలో కాలుస్తాం. పొగ అడుగునున్న నీళ్ళలో కలిసేదాకా ఊపి, మందు చుక్కలు వేస్తాం. పసుపు రంగు సూచిక కలిపిన ఆ నీళ్ళు గులాబీ రంగుకు తిరగడానికి ఎన్ని చుక్కలు పడితే అంత గంధకం.

సీసా కడుగుతుంటే బిరడా కంటపడింది. గాజు బిరడా పగిలిందని నిన్న రబ్బరుది పెట్టాను. దాని అడుగు మాడిపోయి ఉంది. రబ్బరు బిరడాలోనూ గంధకం ఉంటుంది.

బీరువాలన్నీ వెతికి ఒక గాజు బిరడా పట్టుకున్నాను. మళ్ళీ కాల్చాను. గంధకం హద్దు లోపలే ఉంది.

రెండు లెక్కలూ చూపిస్తే మేనేజరు నవ్వాడు. "పొద్దున ఎక్కువ, ఇప్పుడు సరి. మధ్యలో గుమ్మంలో అల్లుడుగారు. బాగుంది పెద్దాయనా!"

అతని స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

"కూర్చోండి సార్. చూసి వెళ్ళండి."

రబ్బరు బిరడా పెట్టి, ఏమీ చుట్టని ఉత్త కాగితం కాల్చాను. చుక్క వేశాను. పసుపే. ఇంకో చుక్క. పసుపే. మేనేజరు ముందుకు వంగాడు. చాలాసేపటికి గానీ రంగు తిరగలేదు. గాజు బిరడాతో ఉత్త కాగితం కాలిస్తే మొదటి చుక్కకే గులాబీ.

"అయితే పొద్దున తప్పెవరిది?"

"నాది. రాసుకోండి."

"మరి గొట్టాలెందుకు పగిలాయి?"

"రబ్బరు ఉడికించిన వాళ్ళనడగండి. ఎక్కువ ఉడికినా పెళుసుబారుతుంది."

మేనేజరు వెళ్ళిపోయాడు. అల్లుడు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి అడుగేయబోయాడు.

"మావయ్యా..."

"అక్కడే ఆగు. నీ చెప్పుల నిండా గంధకం."