కట్టెలు ఎక్కడికి తెమ్మన్నారు

మార్చి పన్నెండు, గురువారం ఉదయం పదకొండు నలభైకి ఉరుగ్వే దేశం మాల్దొనాదో ఊళ్ళో నోటరీ సుల్మా బెంతాంకోర్ తన పెన్నుకు మూత పెట్టింది. ముప్పై తొమ్మిది లక్షల డాలర్ల ఇంటి అమ్మకం దస్తావేజు ఆమె ముందు బల్ల మీద ఉంది. దాని మీద ఆమె సంతకం చేయలేదు.

ఆ సమయానికి గదిలో నలుగురున్నారు. ఇల్లు అమ్ముతున్న ఇర్మా తెచేరాకు అరవై ఎనిమిదేళ్ళు. పుంతా దెల్ ఎస్తే రేవులో ముప్పై ఏళ్ళు చేపల దుకాణం నడిపింది. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బ ఎవరికీ అక్కర్లేని రోజుల్లో ఆమె, ఆమె భర్త దాన్ని కొని ఇల్లు కట్టారు. కొంటున్నవాడు తోబియాస్ క్రెమర్, యూరప్ పాస్‌పోర్టు మీద వచ్చాడు. పేరుకు కొనేది ఒక ద్వీపంలో నమోదైన కంపెనీ. ఆ కంపెనీ మొత్తం తనదేనని కాగితం ఇచ్చాడు. మూడో మనిషి బేరం కుదిర్చిన మిల్టన్ ఎచెవెర్రి. నాలుగో మనిషి సుల్మా.

మిల్టన్, సుల్మా ఒకే బడిలో చదువుకున్నారు. సుల్మా చేసే పది దస్తావేజుల్లో ఎనిమిది మిల్టన్ పంపినవే. ఉరుగ్వేలో నోటరీని ఎంచుకునే హక్కు కొనేవాళ్ళది. బయటి దేశాలవాళ్ళకు ఇక్కడ ఎవరూ తెలియరు. మిల్టన్ ఎవరి పేరు చెబితే వాళ్ళ దగ్గరికి వెళ్తారు.

ఆ రోజు పది గంటలకే మిల్టన్ ఒక్కడూ వచ్చాడు. చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకు టీ తాగే బుర్ర.

“ముఖం ఏంటే అలా పెట్టావ్? వచ్చేది కొనేవాడు, పన్నులవాడు కాదు,” అన్నాడు.

“రెండు నెలల కింద ఈ ఇంటికి ఇరవై ఒక్క లక్షలు విలువ కట్టారు. ఇతను ముప్పై తొమ్మిది ఇస్తానంటున్నాడు. అసలు బేరమాడాడా?”

“సముద్రం చూసి మనసు పారేసుకున్నాడు.”

“మనసు ఒక్కటే. డబ్బు మాత్రం మూడు దేశాల నుంచి, మూడు కంపెనీల నుంచి వచ్చింది. టైర్ల వ్యాపారం అమ్మేశానని ఉత్తరం పెట్టాడు. ఎవరికి అమ్మాడో అందులో లేదు. రెండుసార్లు అడిగాను. అదే ఉత్తరం రెండుసార్లు పంపాడు.”

“బ్యాంకువాళ్ళు చూసుకునే ఉంటారు కదా. నీకెందుకు?”

“బ్యాంకేమో నోటరీ చూసుకుంటుందిలే అంటుంది. నువ్వేమో బ్యాంకు చూసుకుందిలే అంటావ్. కింద సంతకం నాది.”

మిల్టన్ మాతే నింపి ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగి బుర్ర తిరిగి ఇచ్చింది.

“ఒక్క మాట సుల్మా. చదవడం గిదవడం పెట్టుకోకు. చదివినట్టే అనుకుందాం.”

“చదువుతాను,” అంది సుల్మా.

దస్తావేజును నోటరీ ఇరుపక్షాల ముందు మొదటి నుంచి చివరి దాకా పైకి చదవాలి. వాళ్ళు ఔనన్నాకే సంతకాలు. అది చట్టం. పెద్ద బేరాల్లో ఎవరికీ అంత ఓపిక ఉండదు. చదివినట్టే అనేసి కాఫీ తెప్పిస్తారు.

పదకొండు గంటలకు సుల్మా చదవడం మొదలుపెట్టింది. ఆస్తి నంబరు నాలుగు వేల మూడు వందల పద్దెనిమిది. విస్తీర్ణం. నాలుగు హద్దులు. ప్రతి అంశం చివర ఆగి “నిజమేనా?” అని అడిగింది. మొదటిసారి క్రెమర్ తలాడించాడు.

“తల కాదండీ, మాట కావాలి.”

“నిజమే,” అన్నాడు క్రెమర్. అతని స్పానిష్‌లో మాద్రిద్ యాస ఉంది.

ఏడో అంశం ఇది: కొనుగోలుదారు జనవరిలో మూడు వారాలు ఆ ఇంట్లో నివసించి, నచ్చిన మీదట ఈ ధరకు ఒప్పుకున్నాడు. అంత ధర ఎందుకని ఫిబ్రవరిలో సుల్మా అడిగినప్పుడు క్రెమర్ లాయరు రాసి పంపిన జవాబు అది. సుల్మా దాన్ని ఉన్నదున్నట్టు దస్తావేజులోకి ఎక్కించింది.

“నిజమేనా?”

“నిజమే.”

“జనవరి ఎండాకాలమే అయినా అక్కడ రాత్రిళ్ళు చలిగాలి కొడుతుంది. పొయ్యి వెలిగించారా?”

“వెలిగించాను. మంచి పొయ్యి.”

“కట్టెలు?”

“ఫోన్ చేసి తెప్పించాను.”

“ఎక్కడికి తెమ్మన్నారు?”

క్రెమర్ మిల్టన్ వైపు చూశాడు. మిల్టన్ ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు.

“నాలుగు వేల మూడు వందల పద్దెనిమిదికి,” అన్నాడు క్రెమర్.

ఇర్మా ఫక్కున నవ్వింది.

ఆ తీరంలో ఇళ్ళకు నంబర్లుండవు, పేర్లుంటాయి. గేటు పక్కన చెక్క మీద రాసి ఉంటుంది. ఉత్తరాలు, గ్యాసు బండి, అంబులెన్సు అన్నీ పేరు పట్టుకునే వస్తాయి. ఆస్తి నంబరు రిజిస్ట్రీ కాగితాల్లో తప్ప ఎక్కడా కనిపించదు. ఆ కాగితాల్లో పేరు రాయరు. మిల్టన్ ఆఫీసువాళ్ళు క్రెమర్‌కు దస్తావేజు నకలు ఇచ్చి చదువుకుని రమ్మన్నారు. పేరు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆ ఊళ్ళో అది తెలియనివాళ్ళు ఉంటారని వాళ్ళెవరూ అనుకోలేదు.

“బాబూ, ఆ నంబరు నాకే తెలీదు,” అంది ఇర్మా. “ముప్పై నాలుగేళ్ళు అందులో ఉన్నాను. గేటు మీద ఏం రాసుందో చెప్పు.”

“నేను అంత పట్టించుకోలేదు.”

“మూరెడేసి అక్షరాలు! మూడు వారాలూ కళ్ళు మూసుకుని లోపలికెళ్ళావా? ‘లా పోర్ఫియాదా’ అయ్యా, మొండిది అని. మూడుసార్లు ఇసుక ఇంటిని మింగితే మూడుసార్లు తవ్వి తీశాం.”

“ఇర్మమ్మా, కాస్త ఊరుకోండి,” అన్నాడు మిల్టన్. “వచ్చేది మీ డబ్బు. మీకు మీరే అడ్డం పడతారా?”

ఇర్మా నవ్వు ఆపింది. సుల్మా వైపు తిరిగింది.

“నువ్వు సంతకం పెట్టకపోతే ఈ డబ్బు నాకు రాదు. అంతేనా?”

“అంతేనమ్మా.”

“పెడితే?”

“వస్తుంది. అది ఎవరిదో నాకు తెలీదు. మీకూ తెలీదు.”

సుల్మా పెన్నుకు మూత పెట్టింది అప్పుడే.

మిల్టన్ లేచి నిలబడ్డాడు. “ఇది చేసి చూడు. సోమవారం నుంచి నీ గుమ్మం తొక్కేవాడుండడు.”

“మంచిది. ఊడ్చే పని తప్పుతుంది.”

“నేను కేసు వేస్తాను,” అన్నాడు క్రెమర్.

“వేయండి. అక్కడా ముందు దీన్నే చదివిస్తారు.”

మిల్టన్ గొంతు తగ్గించాడు. “సరే, ఆ పేజీ చించెయ్.”

దస్తావేజుల పుస్తకంలో పేజీలకు వరుస నంబర్లుంటాయి. ఒక్కటి పోయినా నోటరీ జవాబు చెప్పాలి. పూర్తికాని దస్తావేజు కింద ఎందుకు పూర్తికాలేదో రాసి, సంతకం చేసి, అలాగే ఉంచాలి. అది మిల్టన్‌కూ తెలుసు.

“అయితే ఇరుపక్షాలూ మానుకున్నారని రాయి. ఇంకొకరి దగ్గర చేయించుకుంటాం. ఎవరికీ మచ్చ ఉండదు. బడి నాటి స్నేహం, ఈ మాత్రం చేయలేవా?”

“నేనెప్పుడు మానుకున్నాను?” అంది ఇర్మా.

“విన్నావుగా,” అంది సుల్మా. “వీళ్ళు మానుకోలేదు. నేను చేయనన్నాను. అదే రాస్తాను.”

పెన్ను మూత తీసి రెండు వాక్యాలు రాసింది. ఏడో అంశంలో కొనుగోలుదారు చెప్పినది నిజమని నోటరీకి నమ్మకం కలగలేదు. అందువల్ల నోటరీ ఈ దస్తావేజును ఆమోదించలేదు. వాటిని కూడా పైకి చదివింది. కింద సంతకం చేసింది. సమయం పదకొండు యాభై ఐదు.

ఇర్మా మిల్టన్ ముందు చెయ్యి చాపింది. “తాళాలు.”

“ఇంకో నోటరీని చూస్తాను, వారం ఆగండి.”

“డిసెంబరులో నీకిచ్చాను. జనవరిలో ఉన్నానంటున్నాడు ఈయన. ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో నేనే వెళ్ళి చూసుకుంటాను. తాళాలు.”

మిల్టన్ తాళాలు బల్ల మీద పెట్టాడు.

మర్నాడు ఇర్మా ఇల్లు తెరిచింది. పక్కింటి తోటమాలిని సాక్షిగా వెంట తీసుకెళ్ళింది. పొయ్యిలో బూడిద లేదు. మంచాల మీద డిసెంబరులో ఆమె కప్పిన దుప్పట్లే ఉన్నాయి.

క్రెమర్ ఆదివారం విమానంలో వెళ్ళిపోయాడు. కేసు వేయలేదు. ఇలాంటి బేరాల గురించి నోటరీలు రాజధాని మోంతెవిదేయోలో దొంగడబ్బు మీద నిఘా పెట్టే ఆఫీసుకు రహస్యంగా తెలియజేయాలి. తెలియజేసినట్టు ఎవరికీ చెప్పకూడదు. తెలియజేశావా అని అడిగినవాళ్ళకు సుల్మా జవాబు చెప్పలేదు.

సోమవారం మిల్టన్ ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి పదకొండు ఫైళ్ళు వెనక్కి పట్టుకెళ్ళాడు. సుల్మా ప్రతి ఫైలుకూ రసీదు రాయించుకుంది.

లా పోర్ఫియాదా ఏప్రిల్ ఆఖరుకు ఇర్మా పేరు మీదే ఉంది. మిల్టన్ పెట్టిన అమ్మకం బోర్డును ఆమె పీకించింది.

నిరుడు ఏప్రిల్‌లో సుల్మా పందొమ్మిది దస్తావేజులు చేసింది. ఈ ఏప్రిల్‌లో నాలుగు చేసింది. నాలుగింటినీ మొదటి నుంచి చివరి దాకా పైకి చదివింది.