లోపల వదిలిన నాలుగు వేళ్ళు

పొద్దున్నే బండి తీసేముందు ఆ ఇంట్లో ఒక తంతు ఉంది. కూతురు టైర్లు తన్ని చూస్తుంది, అద్దం తుడుస్తుంది. తండ్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి, డ్రైవరు పక్క సీటు వెనక గోడని అరచేత్తో తడుముతాడు. గొళ్ళేలు చూస్తున్నానంటాడు. కానీ చెయ్యి గొళ్ళేల దగ్గర ఆగదు. ఇంకొంచెం కిందికి జారి, రేకులో ఒక మడత దగ్గర ఆగిపోతుంది. కూతురు చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

ఆయన వెల్డింగు మేస్త్రీ. ఆయన భార్య బట్టలు కుట్టేది. పోయి రెండేళ్ళయింది. ముందు గదిలో నిప్పురవ్వలు, వెనక గదిలో కుట్టుమిషను, మధ్యలో ఆలుమగల వాదులాట. ఆ ఇల్లు ముప్ఫయ్యేళ్ళు అలాగే నడిచింది.

వాళ్ళ సందు గురించి కూడా చెప్పాలి. అందులో ఇద్దరు లావుపాటి మనుషులు ఎదురుపడితే ఒకరు ఏదో ఒక గుమ్మం ఎక్కాల్సిందే. లారీ మాట దేవుడెరుగు. అందుకే తల్లి ఉన్న రోజుల్లోనే కూతురు సామాన్లు తోలడానికి పొట్టి ట్రక్కు కొనుక్కుంది. బండి బంగారమే గానీ, వెనక తొట్టి మరీ కురచ. మంచం ఎక్కిస్తే కాళ్ళు బయట, తలుపు ఎక్కిస్తే సగం బయట. ఎర్రగుడ్డ కట్టుకుని తిరిగి తిరిగి, ఒకరోజు మలుపులో ఎవరిదో కిటికీ పగలగొట్టి వచ్చింది. "నాన్నా, నా పక్క సీటు ఊరికే ఉంటోంది కదా. దాని వెనక గోడ పడుకోబెట్టలేవా?" అని అడిగింది.

మేస్త్రీకి అదో లెక్కా? గోడ కోసి, కింద మడతబందులు వేసి, పైన గొళ్ళేలు పెడితే సరి. పక్క సీటు ముందుకు వంచి, గోడని దాని మీదికి వాలిస్తే తొట్టీ కేబినూ ఒకటైపోతాయి. సామాను ముందు అద్దం దాకా వచ్చేస్తుంది. అంతవరకూ మామూలు ఇనుప పనే.

ఆయన కొలత టేపు కనపడక భార్య టేపు అడిగాడు. అక్కడ వచ్చింది తంటా. టేపుతో పాటు ఆవిడా వచ్చింది, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని. ఆవిడ ఎవరికి ఏం కుట్టినా లోపల నాలుగు వేళ్ళ బట్ట వదిలేది. మనిషన్నాక పెరుగుతాడు, ఒళ్ళు చేస్తాడు, అప్పుడు కుట్టు విప్పుకుంటే సరిపోతుంది అనేది. రేకు మీద కూడా అలాగే గీతలు గీసింది. ఇక్కడ వదలండి, ఇక్కడా వదలండి, ఇలా లోపలికి మడవండి అంది.

"ఇది ఇనుమే, రవికె కాదు," అన్నాడాయన.

"రేపు చాలకపోతే మళ్ళీ నన్నే అంటారు. మడవండి."

ఆవిడతో వాదించి గెలిచిన మొహమా ఆయనది? మడిచాడు. మొత్తం ఐదు మడతలు. ఐదో దాని మీద ఆవిడ సుద్దతో ఏదో అంకె వేసింది. అదెందుకని అడిగితే, అమ్మాయి పెరిగితే కావాలిగా అంది. అప్పటికి అమ్మాయికి ఇరవై ఏడు. ఇంకేం పెరుగుతుందని మేస్త్రీ నవ్వుకున్నాడు.

ఆర్నెల్లు తిరక్కుండానే నీళ్ళ గొట్టాలొచ్చాయి. గోడ వాల్చినా రెండడుగులు చాల్లేదు. ఆవిడ డబ్బాలోంచి కుట్లు విప్పే బ్లేడు తీసుకుని వచ్చింది, మొదటి మడతలో గీత వెంట లాగింది. బట్ట విప్పిన చప్పుడే అయింది. తొట్టి లోపల రెండడుగులు పెరిగింది. బయట నుంచి బండి ఎంత ఉందో అంతే ఉంది. సందులో వాళ్ళు చూశారు. మేస్త్రీగారి ఆవిడ కొలతంటే కొలతే అనుకున్నారు. మావీ పొడుగు సామాన్లున్నాయంటూ వరస కట్టారు.

రెండో మడత ఒక పెళ్ళి పందిరి స్తంభాలకి విప్పింది, మూడోది దుకాణం బోర్డుకి. నాలుగోది మాత్రం ఆవిడకే. మంచంతో సహా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు, మంచం పట్టింది గానీ పక్కన మనిషికి చోటు లేదు. ఆవిడ పడుకునే దిండు కింద చెయ్యి పెట్టి బ్లేడు తీసి ఇచ్చింది. "విప్పండి. లేకపోతే మీరెక్కడ కూర్చుంటారు?" అంది. ఆయన విప్పి, దారంతా పక్కనే కూర్చున్నాడు. వచ్చేటప్పుడు కూడా అక్కడే కూర్చున్నాడు. మంచం ఖాళీగా ఉంది.

అందుకని ఐదో మడత జోలికి ఎవరూ పోలేదు. ఒకసారి విప్పిన మడత మళ్ళీ పడదు. అదీ విప్పేస్తే ఆవిడ చేత్తో దాచిపెట్టింది ఇంకేం మిగలదు.

ఇక కొక్కెం సంగతి. సందు చివర నిచ్చెనలు చేసే ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. తాటిచెట్టంత పొడుగు. ఏ గుమ్మం దాటినా వంగాలి కాబట్టి, వంగి వంగి ఆ మెడ అలాగే ఉండిపోయింది. ఆయన నిచ్చెనలు చేరవేసేది మేస్త్రీ కూతురే. గోడ నిలబెట్టి ఉన్న రోజుల్లో పక్క సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవాడు. ఆరేళ్ళుగా ఇద్దరూ దారి పొడుగునా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకరినొకరు మీరు అనే అనుకుంటారు. అసలు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నోట్లో ముత్యాలున్నాయి కాబోలు ఇద్దరికీ.

ఆవిడ పోయిన రెండో ఏడు, ఊళ్ళో గడియారం స్తంభానికి నిచ్చెన కావాలన్నారు. ఒకే కర్ర, ఎక్కడా అతుకు ఉండకూడదు. కొక్కెం సంబరపడిపోయి చేశాడు. పెరట్లో మొదలెట్టి, వంటగదిలోంచి, ముందు గదిలోంచి వీధి గుమ్మం దాకా తెచ్చాడు. అది మలుపు ఎలా తిరుగుతుందన్న ఆలోచన పూర్తయ్యాక వచ్చింది. చేతులతో మోసుకెళ్తే గోడలకి తగులుతుంది. బండిలో ఎక్కించి చూశారు. ముందు అద్దానికి ఆనించినా, వెనక ఒక నిలువెత్తు మనిషంత బయటే ఉంది.

కొక్కెం నిచ్చెన దించి, నెమ్మదిగా అన్నాడు. ఇది పంపలేకపోతే తనకిక ఇక్కడ పని లేదట. విశాలమైన రోడ్లున్న ఊళ్ళో పెద్ద షెడ్డు ఇస్తామంటున్నారట, నెలాఖరుకి వెళ్ళిపోతాడట. కూతురు సరేనంది. ఇంటికొచ్చి అన్నం కెలికి వదిలేసింది.

"నాన్నా, ఐదోది..." అంది.

"అది మీ అమ్మది," అన్నాడాయన. ఆ పిల్ల కంచం తీసి కడుక్కుంది. గొడవ పడి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది.

మధ్యాహ్నం కొక్కెం వచ్చాడు. తనవల్ల ఇంట్లో మాటా మాటా వస్తుందేమోనని భయపడ్డాడు పాపం. "మడత సంగతి మర్చిపోండి మేస్త్రీగారూ," అని చెప్పడానికి లోపలికి వస్తూ, ఎప్పటిలాగే గుమ్మం పైనున్న ఇనుప కమ్మీకి నుదురు కొట్టుకున్నాడు. ఆరేళ్ళుగా కొట్టుకుంటూనే ఉన్నాడు. మేస్త్రీ ఆరోజే మొదటిసారి ఆ చప్పుడు విన్నట్టు తలెత్తాడు.

"బయటికి రా బాబూ. నిటారుగా నిలబడు. ఇంకా. మెడ కూడా."

మనిషి మడత విప్పుకున్నట్టు లేచాడు. మేస్త్రీ స్టూలెక్కి, భార్య టేపు తీసి మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచాడు. డెబ్బై ఎనిమిది అంగుళాలు. ఇంకోసారి కొలిచాడు. డెబ్బై ఎనిమిదే.

ఆయన స్టూలు దిగి బండి దగ్గరికెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, రోజూ తడిమే మడతని మొదటిసారి చదివాడు. ఇన్నాళ్ళూ ఆ అంకె మడత పొడవేలే అనుకుని చూడలేదు. సుద్ద మసకబారినా, ఆవిడ ఏడు, ఆవిడ ఎనిమిది. తోక సాగదీసి రాసే ఏడు. ఈ పొడుగాయన చొక్కాలన్నీ కుట్టింది ఆవిడే కదా. కొలత చీటీ రాసుకోకుండానే కుట్టేది, గుర్తుందిలెండి అనేది. అమ్మాయి పెరిగితే కావాలిగా అన్నది ఇందుకన్నమాట, పక్కన ఇంకో మనిషి చేరితే అని. మేస్త్రీ బండి పక్కన కూలబడి ఏడ్చాడు, గట్టిగానే. తర్వాత బ్లేడు తెమ్మని కూతుర్ని కేకేశాడు.

నిచ్చెన లోపలికి వెళ్ళింది. వెనక తలుపు మూసుకుంది. వేలెడు కూడా మిగల్లేదు. పొట్టి బండి మలుపు తిరిగి సందులోంచి వెళ్ళిపోతుంటే, అంత నిచ్చెన పోతోందని ఎవరూ తలెత్తి కూడా చూడలేదు.

నిచ్చెన అప్పజెప్పి వచ్చేటప్పుడు బండి ఖాళీ. పక్క సీటు వంచే ఉంది. కొక్కెం తొట్టిలో, వాల్చిన గోడ మీద తల పెట్టి పడుకున్నాడు. కాళ్ళు చాపాడు. ఎక్కడా తగల్లేదు. ఆయన తల సరిగ్గా గేరు పక్కకొచ్చింది. ఇలా పడుకోవడం పుట్టాక ఇదే మొదటిసారని చెప్పాడు. షెడ్డు వాళ్ళకి రానని కబురు పెడతానన్నాడు. నువ్వేమంటావు అని అడిగాడు. 'నువ్వు' అన్నందుకు కూతురు గేరు మార్చడం మర్చిపోయింది. బండి మెల్లగా, మబ్బు మీద పోతున్నట్టు పోయింది. మంచిపని అంది. అప్పటికే ఆయన నిద్రపోయాడు.

ఇంటి ముందు బండి ఆపి, లేపకుండా అలాగే కూర్చుంది. మేస్త్రీ తొంగి చూశాడు.

"దిగడా?"

"నిద్రపోతున్నాడు నాన్నా. కాళ్ళు చాపుకుని."

ఆయన అలవాటుగా గోడ మీద చెయ్యి వేశాడు. మడత ఉండాల్సిన చోట రేకు నున్నగా ఉంది. చేతికి కాస్త సుద్ద అంటింది. ఆ చెయ్యి తుడుచుకోకుండానే లోపలికెళ్ళి, స్టూలు తెచ్చి గుమ్మంలో వేసుకున్నాడు. తలకి తగిలే కమ్మీని కోసి పక్కన పడేశాడు. తర్వాత భార్య టేపు పట్టి గుమ్మం పక్క గోడ మీద కింది నుంచి డెబ్బై ఎనిమిది దాకా కొలిచి, సుద్దతో గీత గీశాడు. ఒక్క క్షణం ఆగి, దాని పైన నాలుగు వేళ్ళు ఆనించి, ఇంకో గీత గీశాడు.