ఎవరూ ఏమీ అనలేదు

దర్జీ దుకాణం నడిపే అక్క నోరు మంచిది కాదని వీధంతా ఒప్పుకుంటుంది. తమ్ముణ్ణి ఎవరైనా చులకనగా చూశారా, వాళ్ల ఏడు తరాలనూ ఉతికి ఆరేస్తుంది. అతనికి స్కిజోఫ్రీనియా. నాలుగేళ్లు నానా యాతనా పడ్డాక, ఎనిమిది నెలలుగా ఆమె దుకాణంలోనే కాజాలు కుడుతున్నాడు.

లేని గొంతులు ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తాయి. వినిపిస్తే అక్కను అడుగుతాడు. ఆమె విన్నానంటే నిజం, లేదంటే లేదు. మళ్లీ సూది అందుకుంటాడు. ఇది డాక్టరు చెప్పిన ఉపాయం కాదు, వాళ్లిద్దరూ కుదుర్చుకున్నది.

ఆ ఉదయం కోటు సరిచూసుకోవడానికి వచ్చిన లాయరు అద్దం ముందు నిలబడి గొణిగాడు. “ఈ పిచ్చోడి చేతికా నా కోటు ఇచ్చింది?”

తమ్ముడు తలెత్తాడు. లాయరు మెట్లు దిగేదాకా ఆగి అడిగాడు. “అక్కా, ఇందాక ఎవరైనా ఏమైనా అన్నారా?”

అక్క గుడ్డ మీంచి తలెత్తకుండా అంది. “ఎవరూ ఏమీ అనలేదురా.”

తమ్ముడు సూది పక్కన పెట్టేశాడు. “పెదాలు కదలడం కూడా కనిపించింది. ఇదివరకు వినిపించేదంతే. ముదిరిపోయిందక్కా. మందు పెంచమని అడుగుతా.”

మందు పెంచితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కిందటిసారి చేతులు వణికి, సూదిలో దారం ఎక్కించలేక, ఆర్నెల్లు మంచం దిగలేదు.

“అలసటేమోరా, రేపు చూద్దాం” అంటున్నా వినకుండా చొక్కా మార్చుకుని బయల్దేరాడు. తెరిచిన దుకాణాన్ని తెరిచినట్టే వదిలేసి అక్క వెంటపడింది. అతనిది పరుగులాంటి నడక. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ సిగ్నలు దగ్గర ట్రాఫిక్ మీద విసుక్కుని ఊరుకుంది.

ఆసుపత్రి వరండాలో అతను టోకెను తీసుకున్నాక ఇక ఆగలేకపోయింది. “అన్నాడురా. లాయరు అన్నాడు. నేనూ విన్నా.”

“ఏమన్నాడు?”

“ఆ పాడు మాట ఇప్పుడెందుకురా?”

“ఉన్నదున్నట్టు చెప్పు.”

ఏ మాట అతని చెవిన పడకూడదని ఊరందరితో తగువులాడిందో, ఆ మాటే పదిమందిలో అతని మొహం మీద అంది. “ఈ పిచ్చోడి చేతికా నా కోటు ఇచ్చింది, అన్నాడు.”

“అదే! అచ్చం అదే!” తమ్ముడు పట్టలేని సంతోషంతో పకపకా నవ్వాడు. పక్కావిడ బెంచీ చివరికి జరిగింది. చేతిలోని టోకెను చింపేసి, ఒక్కసారిగా నవ్వు ఆపి అక్క వైపు చూశాడు.

“ఆ మాట నేను పడగలనక్కా. నువ్వే అబద్ధం చెబితే ఇంకెవర్ని అడగను?”