ముందొచ్చే గొంతు

పొద్దున తొమ్మిదింటికల్లా ఆఫీసులో అడ్వాన్సు గొంతు వినపడేది. అప్పటికి అడ్వాన్సు ఇంట్లో రెండో సాక్సు కోసం మంచం కింద వెతుక్కుంటూ ఉండేవాడు.

"నిన్నటి ఫిర్యాదులు ఎంతవరకు తేలాయి? ఆ నీలం బటన్ పెద్దది చెయ్యమన్నానా, లేదా?" అని ఖాళీ కుర్చీ వైపు నుంచి గొంతు అడిగేది. ఉద్యోగులు కప్పులు పక్కన పెట్టి పనిలో పడేవారు. గంట తర్వాత మనిషి వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, అవే మాటలు మళ్ళీ అనేవాడు. అందరూ మర్యాదగా రెండోసారి వినేవారు. బాసు చెప్పిందే మళ్ళీ చెప్పడం ఏ ఆఫీసులోనైనా ఉండేదే కదా, ఎవరికీ అది వింతగా తోచలేదు. అడ్వాన్సు అని పేరు మాత్రం పెట్టుకున్నారు, అతనికి తెలిసేలాగే.

పుట్టుకతోనే అంత. కాన్పు గదిలో ముందు ఏడుపు వినపడిందట, కాసేపటికి పిల్లాడు బయటపడ్డాడట. "వీడికి అప్పుడే అంత తొందరేమిటమ్మా!" అని నర్సు విసుక్కుందట. చిన్నప్పుడు గొంతుకీ మనిషికీ మధ్య ఒకటి రెండు క్షణాలే తేడా. కంపెనీ పెట్టాక గంట అయింది. హడావిడి పెరిగేకొద్దీ అదీ పెరుగుతూ పోయింది. అతను రాబోయే చోటికి, అతను లేనప్పుడే గొంతు వచ్చేది. అందుకని చుట్టుపక్కల అందరూ విన్నారు గానీ, తన ముందుగొంతుని అతను ఒక్కసారి కూడా వినలేదు. ఫోన్ మాటలైతే ఇతనివే వినపడేవి, అవతలివాళ్ళవి రావు. ఇంకో సంగతి, ముందు వినపడ్డ మాట తర్వాత అనకుండా ఉండటం అతని వల్ల అయ్యేది కాదు. ఒకసారి పందెం కాసి పొద్దుటినుంచీ నోరు కట్టేసుకుని కూర్చున్నాడు. భోజనం చేసి కునుకు తీస్తూ, నిద్రలో అనేశాడు.

అతని కంపెనీ అమ్మేది కూడా తొందరే. పళ్ళ డాక్టర్ల దగ్గరా సెలూన్లలోనూ జనం పాత పత్రికలు తిరగేస్తూ కూర్చోకుండా, ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ఫోన్‌కి చెప్పే సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేసింది అతని అక్క. అమ్మేది తమ్ముడు. అక్క మూలన కూర్చుని, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, కళ్ళజోడు ఏదని వెతుకుతూ పని చేసేది. తమ్ముడు వేదికలెక్కి ఉపన్యాసాలిచ్చేవాడు.

"వ్యాపారమంటే పెద్ద రహస్యమేమీ లేదు. ఏది ముందో, ఏది తర్వాతో తెలిస్తే చాలు," అనేవాడు. "మనసులో ఏదీ దాచుకోకండి. అన్నీ యాప్‌లో పెట్టండి. మనసు మర్చిపోతుంది, యాప్ మర్చిపోదు."

అతని ఫోన్‌లో పనులన్నీ రంగులుగా ఉండేవి. ఎరుపు అంటే ఇప్పుడే, పసుపు అంటే తర్వాత, ఆకుపచ్చ అంటే తీరిక దొరికినప్పుడు. అతనికి తీరిక దొరకడం ఎవరూ చూడలేదు. పెళ్ళిరోజు ఒక ఏడు పసుపులో పడి, ఆకుపచ్చలోకి జారి, చివరికి భార్య చేతిలో ఎరుపెక్కింది.

ఆ రోజు మాత్రం అన్నీ ఎరుపే. ఇన్వెస్టర్ మేడమ్ డెమో చూడటానికి వస్తోంది. ఆవిడ ఊ అంటే కంపెనీ నిలబడుతుంది. ఉహూ అంటే వచ్చే నెల జీతాలు లేవు, ఆ తర్వాతి నెల ఆఫీసే ఉండదు. అడ్వాన్సు పొద్దున్నే అక్కని కారెక్కించుకున్నాడు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అక్క ఎడమ భుజం నొక్కుకుంది. "రాత్రి నుంచి ఈ చెయ్యి లాగుతోందిరా. ఛాతీ మీద ఏదో పెట్టినట్టు బరువుగా ఉంది."

"నిద్ర లేక అయ్యుంటుంది. డెమో అయ్యాక చూద్దాం అక్కా."

"ఊ, అయ్యాకే చూద్దాంలే."

అతను మరచిపోదలుచుకోలేదు, అది మాత్రం నిజం. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "అక్క చెయ్యి, డెమో తర్వాత," అన్నాడు. ఫోన్ టింగుమని పసుపు రంగు వేసింది. పని యాప్‌లో పడింది కాబట్టి అతని మనసు తేలికపడింది. పచ్చ సిగ్నల్ పడగానే కారు ముందుకు దూకించాడు.

ఆఫీసులో అడుగు పెట్టేసరికి చప్పట్లు. రిసెప్షన్ అమ్మాయి ఎదురొచ్చింది. "సార్, ఇందాకే మీటింగు హాల్లో మీ గొంతు వచ్చింది! 'మమ్మల్ని నమ్మి పెట్టుబడి పెడుతున్నారు మేడమ్, చాలా థాంక్స్' అన్నారు. మేమందరం విన్నాం."

అకౌంటెంట్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో అతని వీపు చరిచారు. వచ్చిన మాట తప్పదు కాబట్టి డబ్బు వచ్చేసినట్టే. అక్క నవ్వి, "ఇంకేం, నేనింటికెళ్ళి పడుకోనా మరి?" అంది.

"నువ్వు లేకపోతే డెమో ఎవరు చేస్తారు?" అన్నాడు తమ్ముడు. అక్క హాల్లోకి వెళ్ళి ప్రొజెక్టర్ తగిలించుకుంటూ కూర్చుంది.

అంతలో ఇన్వెస్టర్ మేడమ్ నుంచి కబురు. ట్రాఫిక్‌లో ఇరుక్కుందట, అరగంట ఆలస్యమట. అడ్వాన్సుకి ఏం చెయ్యాలో తోచలేదు. చెప్పాల్సినవన్నీ గొంతు చెప్పేసింది, చెయ్యాల్సినవన్నీ ఉద్యోగులు చేసేశారు. బహుశా పెద్దయ్యాక మొదటిసారి, చేతులు వేలాడేసుకుని, నడవాలో ఊరికే నిలబడ్డాడు.

నడవా చివర ఫోన్ గది ఉంది. ఒక్క మనిషి పట్టే అద్దాల గూడు. ఖాళీగా ఉంది, తలుపు ఓరగా తీసి ఉంది. అందులోంచి ఎవరో మాట్లాడుతున్నారు.

"బావా... నేనే. అక్క పడిపోయింది బావా."

ఎవరి గొంతో అతనికి వెంటనే తెలియలేదు. తన గొంతు బయటినుంచి వింటే ఎవరికైనా పరాయిదానిలాగే ఉంటుంది. ఎదురుగా రిసెప్షన్ అమ్మాయి మొహం పాలిపోవడం చూసి గుర్తుపట్టాడు.

"డెమో అయిపోయింది. ఆవిడ ఒప్పుకుంది. అందరం చేతులు కలుపుకుంటున్నాం. అక్క ప్రొజెక్టర్ ఆపడానికి వంగింది, అంతే. పొద్దున్నే చెప్పింది బావా, చెయ్యి లాగుతోందని. డెమో అయ్యాక చూద్దాం అన్నాను. నేనే అన్నాను." గొంతు ఆగింది. గుక్క తిప్పుకుంది. "అంబులెన్స్ వాళ్ళు చూశారు. ఇంకాస్త ముందు తీసుకెళ్తే దక్కేదట. బావా, వింటున్నావా? ఏదో ఒకటి అను బావా."

అవతలివైపు మాటలు రావు కాబట్టి, బావ ఏమన్నాడో తెలియలేదు.

 అడ్వాన్సు అక్కడే నిలబడి ఒక క్షణం లెక్క వేశాడు. డెమో కుదించి సగంలోనే ముగిస్తే? ప్రొజెక్టర్ ఇంకెవరి చేతనైనా ఆపిస్తే? ఆ క్షణం సంగతి అతను తర్వాత భార్యకి కూడా చెప్పలేదు. జేబులో ఫోన్ టింగుమంది. 'అక్క చెయ్యి. ఇంకో గంట తర్వాత గుర్తుచేయమంటారా?' అని అడుగుతోంది. అది చూడగానే అతని కాళ్ళు కదిలాయి.

హాల్లోకి వెళ్ళి అక్క కుడి చెయ్యి పట్టుకుని లేపబోయాడు. నోరు మాత్రం తెరవలేదు. తెరిస్తే ఆ మాటలే బయటపడతాయేమోనని భయం. నిద్రలో జారిపోయిన ఆనాటి మాట గుర్తొచ్చి పళ్ళు బిగించాడు.

"ఏమైందిరా? మూగనోము పట్టావా?" అంది అక్క.

జరిగింది రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. అక్క మొహంలో రంగు మారింది. అయినా మొండికేసింది. "చెయ్యి లాగితేనే చచ్చిపోతారా? ఇంతమంది జీతాలు దీనిమీదున్నాయి. ఆవిడ ఒప్పుకుంటుందని కూడా వినపడిందిగా. ఒక్క గంట ఆగండి."

"మేడమ్, ఆ జీతం నాకొద్దు," అన్నాడు అకౌంటెంట్. ఎప్పుడూ గొంతెత్తని మనిషి అరిచినంత పని చేశాడు. "లేవండి."

అక్క లేవలేకపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. చక్రాలున్న ఆ ఆఫీసు కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే లిఫ్టు దాకా తోసుకుపోయారు. తలుపు తెరుచుకుంది. లోపల ఇన్వెస్టర్ మేడమ్ నిలబడి ఉంది.

"ఎక్కడికి?" అంది. రిసెప్షన్ అమ్మాయి గబగబా మళ్ళీ చెప్పింది. మేడమ్ అడ్వాన్సు వైపు చూసింది. "మీ గొంతు సంగతి విన్నాను. అందరికన్నా ముందుండే మనిషని వచ్చాను. డెమో ఇంకెవరూ చెయ్యలేరా? నేను వెనక్కి వెళ్తే మళ్ళీ రాను."

థాంక్స్ అనే మాట అడ్వాన్సు నాలుక చివరికి వచ్చేసింది. వచ్చిన మాట తోసుకొస్తుంటే ఆపడం ఎంత కష్టమో అతనికే తెలుసు. అరచేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో అక్క కుర్చీని లిఫ్టులోకి తోశాడు. మేడమ్ పక్కకి తప్పుకుంది. తలుపు మూసుకుంది.

ఆసుపత్రిలో అక్కని లోపలికి తీసుకెళ్ళారు. గుండెకి వెళ్ళే రక్తనాళం పూడుకుపోతోందని, వెంటనే తెరవాలని చెప్పి డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అడ్వాన్సు బయట బెంచీ మీద కూర్చున్నాడు. జనం ఎదురుచూడకుండా చేసి బతికే మనిషి అక్కడ ఎదురుచూడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే యాప్ ఆ తలుపుకి లేదు. ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. మాటలు గొంతులో ముళ్ళలా గుచ్చుకుంటున్నాయి. గుటకలు మింగుతూ కూర్చున్నాడు.

రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేస్తే బావ పరుగెత్తుకుంటూ వచ్చాడు. బడిలో లెక్కల మాస్టారు, వేళ్ళకింకా సుద్ద అంటుకునే ఉంది. "ఏమైందిరా? ఎలా ఉంది?"

అడ్వాన్సు తల అడ్డంగా ఊపాడు. తెలియదని అతని ఉద్దేశం. బావ గోడ పట్టుకున్నాడు. ఆ మనిషిని అలా చూశాక ఇక ఆపుకోవడం అడ్వాన్సు వల్ల కాలేదు.

"పొద్దున్నే చెప్పింది బావా, చెయ్యి లాగుతోందని," అనేశాడు. "డెమో అయ్యాక చూద్దాం అన్నాను. నేనే అన్నాను." తర్వాతి వాక్యం నోటిదాకా వచ్చింది. ఇంకాస్త ముందు... అన్న చోట బావ భుజంలో మొహం దాచుకుని, చొక్కా గుడ్డ పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు. లోపల్నించి ఊపిరి మాత్రం బయటికొచ్చింది, మాట రాలేదు.

అలాగే ఉన్నాడు. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికొచ్చేదాకా అలాగే ఉన్నాడు.

"ప్రమాదం తప్పింది," అంది ఆవిడ మాస్కు కిందికి లాగుతూ. "వేళకి తీసుకొచ్చారు."

మింగిన మాట లోపలే ఎక్కడో కరిగిపోయింది. చొక్కా వదిలాడు. "బావా, వింటున్నావా? ఏదో ఒకటి అను బావా," అన్నాడు.

"ఏమనమంటావురా," అన్నాడు బావ ఏడుస్తూ. "నా చొక్కా చింపేశావు."

ఇన్వెస్టర్ మేడమ్ అన్న మాట ప్రకారం మళ్ళీ రాలేదు. హాల్లో వినపడిన ఆ థాంక్స్ ఎవరికీ చెప్పకుండానే మిగిలిపోయింది. సగంమంది వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు, వాళ్ళని తప్పుపట్టడానికేం లేదు. అంత పెద్ద ఆఫీసు వదిలేసి ఒక సెలూన్ మేడ మీద రెండు గదులు తీసుకున్నారు. సెలూన్ యజమాని అద్దెలో కొంత తగ్గించి, బదులుగా సాఫ్ట్‌వేర్ వాడుకుంటున్నాడు. పొద్దున్నే ఖాళీ కుర్చీలోంచి గొంతేమీ రావడం లేదు. తొమ్మిదింటికి ఏం చెయ్యాలో తెలియక మొదట్లో ఉద్యోగులు తికమకపడ్డారు గానీ, మెల్లగా ఎవరి పని వాళ్ళే చూసుకోవడం నేర్చుకున్నారు.

అక్క మళ్ళీ పనిలోకి వచ్చిన వారంలో ఒకనాడు మీటింగు జరుగుతోంది. ఒక పళ్ళ ఆసుపత్రి తాలూకు మేనేజర్ ఎదురుగా కూర్చుని ఉంది. ఒప్పందం సంతకాల దాకా వచ్చింది. అక్క కుర్చీలో కాస్త కదిలి, "అబ్బా, ఈ చెయ్యి..." అంది.

అడ్వాన్సు కుర్చీ వెనక్కి పడింది. కారు తాళాలు తీసుకుని, అక్క సంచి భుజాన వేసుకుని, తలుపు బార్లా తీసి మెట్ల మీద నిలబడ్డాడు. మేనేజర్ కలం పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఒరేయ్, ఇది కుడి చెయ్యిరా! మౌస్ పట్టుకుని పట్టుకుని తిమ్మిరెక్కింది," అంటూ అక్క పడీపడీ నవ్వింది.

అప్పుడు, అతను లేచి వెళ్ళిపోయిన ఖాళీ కుర్చీ దగ్గర, ఆలస్యంగా, అతని గొంతు వినపడింది.

"ఏ చెయ్యి అక్కా?"